సముద్రపు కొలతలన్నీ ఒకే పటం మీద

శ్రోతలకు నమస్కారం.

చల్లని నీరు, వెచ్చని నీరు ఒరుసుకునే అంచుల దగ్గర చేపలు మేతకు చేరతాయి. హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహాల సాయంతో ఆ అంచులను పట్టుకుని, ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కుగా ఇన్ని కిలోమీటర్లు, అక్కడ లోతు ఇంత అని మత్స్యకారులకు చెబుతుంది. ఆ ఒక్క మాట వెనుక నీటి ఉష్ణోగ్రత, నీటిలోని సూక్ష్మ మొక్కల పచ్చదనం చెప్పే క్లోరోఫిల్, లోతు, రేవుల స్థానాలు ఉంటాయి. ఒక్కోటీ ఒక్కో చోటి నుంచి, ఒక్కో కొలతలో వస్తుంది. వీటిని ఒకే పటం మీద పొరలుగా పేర్చే కంప్యూటర్ వ్యవస్థే జీఐఎస్. పేర్చడం తేలికే, పొరలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవడమే కష్టం.

ముందు స్థానం చూడాలి. పడవలో రాసుకున్న లెక్క తరచుగా డిగ్రీలు, నిమిషాల్లో ఉంటుంది. కంప్యూటర్ దశాంశాలు అడుగుతుంది. 16 డిగ్రీల 50 నిమిషాల అక్షాంశాన్ని 16.50 అని కొట్టేస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి అది 16.833 కావాలి. తేడా 20 నాటికల్ మైళ్ళు, అంటే 37 కిలోమీటర్లు. కాకినాడ దాపున ఉండాల్సిన చుక్క గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగ దాటి దక్షిణానికి జారిపోతుంది. నేల మీద పడితే ఎవరికైనా కంట్లో పడేది. నీళ్ళలోనే ఉంటుంది కనుక అనుమానం రాదు. అందుకే దశాంశాల్లోకి మార్చాక, స్థానం కచ్చితంగా తెలిసిన ఒక లైట్‌హౌస్‌నో, రేవునో పెట్టి సరిచూసుకోవాలి. అన్ని పొరలూ జీపీఎస్ వాడే స్థాన కొలమానం డబ్ల్యూజీఎస్ 84లో ఉండాలి. దూరాలు కొలవడానికి, భూమిని నిలువు మండలాలుగా చీల్చి స్థానాన్ని మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతి ఉంది; విశాఖ, కాకినాడలకు అందులో 44వ మండలం సరిపోతుంది. 84 డిగ్రీల రేఖాంశం దాటిన ఇచ్ఛాపురం మాత్రం 45లోకి వెళ్తుంది.

లోతుతో ఇంకో పేచీ. నావిక పటాల్లో లోతును ఆటు వేళ బాగా దిగిన నీటిమట్టం నుంచి లెక్కిస్తారు, నేల ఎత్తును సగటు సముద్రమట్టం నుంచి. సవరించకుండా కలిపితే తీరం వెంట లేని మెట్టు కనిపిస్తుంది. ఒక ఫైల్లో లోతు 30, మరోదాంట్లో మైనస్ 30 అని ఉంటే గుర్తు మార్చాలి. లేకపోతే నడిసముద్రంలో గుట్ట లేస్తుంది.

ఉపగ్రహాల సమయం యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన తెల్లవారుజాము 4 గంటలు అక్కడ ముందురోజు రాత్రి పదిన్నర. తేదీ ఒక్కటే చూసి జత కలిపితే నిన్నటి నీటికి నేటి కొలత అతుక్కుంటుంది.

అన్నిటికన్నా ప్రమాదం మబ్బు. మబ్బు పట్టిన చోట ఉపగ్రహానికి నీటి రంగు కనబడదు. ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న గడులుగా ఉంటుంది, మబ్బు పట్టిన గడుల్లో కొలత లేదని చెప్పే మైనస్ 999 లాంటి గుర్తు ఉంటుంది. దాన్ని నిజమైన అంకెగా లెక్కిస్తే సగటు కుప్పకూలుతుంది. సున్నా పెడితే మబ్బు అంచే చేపల అంచులా కనిపించి, పడవ డీజిల్ తగలేసుకుని అటే పోతుంది. కాబట్టి ఆ గడులను ఖాళీగా ఉంచి, వెనకటి రెండు మూడు రోజుల చిత్రాలతో పూరించాలి. అలా పూరించిన చోట ఏ రోజు కొలతో పటం మీద రాయాలి.