వాట్సాప్ మెసేజ్‌లు ఆలస్యంగా వస్తున్నాయా? ముందు టిక్కులు చూడండి

నమస్కారమండీ. వానాకాలంలో పొద్దున ఆరున్నరకి స్కూల్ గ్రూపులో టీచరు "ఈ రోజు సెలవు" అని పెడతారు. మీ ఫోన్‌లో అది తొమ్మిదింటికి మోగుతుంది. అప్పటికే పిల్లాణ్ణి తడుస్తూ స్కూలు గేటు దాకా తీసుకెళ్లి ఉంటారు. ఇలాంటప్పుడు మనం ముందు తిట్టుకునేది నెట్‌వర్క్‌ని. కానీ యూట్యూబ్ బాగానే ఆడుతూ, వాట్సాప్ ఒక్కటే లేటవుతుంటే, చాలాసార్లు అసలు కారణం నెట్ కాదు. బ్యాటరీ మిగల్చడం కోసం మీ ఫోనే ఆ యాప్‌ని నిద్రపుచ్చుతోంది. దీన్ని ఎలా కనిపెట్టాలో, ఎలా సరిచేయాలో ఇప్పుడు చూద్దాం. నేను ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూపిస్తాను, ఐఫోన్ సంగతి చివర్లో చెబుతాను.

సెట్టింగ్స్ జోలికి వెళ్లేముందు ఒక్క పని చేయండి. మీకు మెసేజ్ పంపినవాళ్లకి ఫోన్ చేసి, ఆ మెసేజ్ పక్కన ఎన్ని టిక్కులున్నాయో అడగండి. ఒక్క టిక్కు అంటే మెసేజ్ వాట్సాప్ సర్వర్ దాకా వచ్చింది, మీ ఫోన్‌కి ఇంకా చేరలేదు. రెండు టిక్కులంటే మీ వైపు చేరింది. ఇది మీకొక్కరికే పంపిన మెసేజ్ లెక్క. గ్రూపులో అయితే అందరికీ చేరాకే రెండో టిక్కు పడుతుంది, కాబట్టి ఇప్పుడు చెప్పబోయే ఇన్ఫోలో మీ పేరు దగ్గర టైమ్ చూడమనండి. టైమ్ కూడా కావాలంటే, వాళ్ల ఫోన్‌లో ఆ మెసేజ్‌ని నొక్కి పట్టుకుని, పైన మూడు చుక్కల్లో "ఇన్ఫో" నొక్కమనండి. ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. "డెలివర్డ్" దగ్గర ఒక టైమ్, "రీడ్" దగ్గర ఒక టైమ్ కనిపిస్తున్నాయి కదా. డెలివర్డ్ 6:31 అని ఉండి మీకు తొమ్మిదింటికి తెలిసిందంటే, మెసేజ్ టైముకే వచ్చింది, ఫోన్ మోగలేదంతే. డెలివర్డ్ టైమే తొమ్మిది అని ఉంటే, మెసేజే లేటుగా వచ్చింది. ఈ రెండూ వేరువేరు జబ్బులు, మందులు కూడా వేరు. అందుకే ఇంతగా చెబుతున్నాను. ఈ తేడా చూడకుండా అన్ని సెట్టింగ్స్ మార్చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలీదు.

ఒక చిన్న మెలిక ఉంది. ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే, అక్కడ చేరినా రెండో టిక్కు పడుతుంది. కాబట్టి పరీక్షించేటప్పుడు మీ వాట్సాప్‌లో మూడు చుక్కలు నొక్కి, లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి వాటిని లాగౌట్ చేసేయండి.

మొదట మెసేజ్ వచ్చి, ఫోన్ మోగని కేసు. ఇది తేలిక. వాట్సాప్ ఐకాన్‌ని నొక్కి పట్టుకుంటే చిన్న మెనూ వస్తుంది, అందులో "యాప్ ఇన్ఫో" నొక్కండి. నోటిఫికేషన్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్ మొదటిసారి తెరిచినప్పుడు నోటిఫికేషన్లకి పర్మిషన్ అడుగుతుంది, కొత్త ఫోన్ హడావిడిలో "డోంట్ అలౌ" నొక్కేసినవాళ్లు చాలామంది. తర్వాత ఆ గ్రూపు మ్యూట్‌లో ఉందేమో, ఆర్కైవ్‌లోకి వెళ్లిపోయిందేమో చూడండి. రాత్రి డు నాట్ డిస్టర్బ్ పెట్టుకునే అలవాటుంటే, పొద్దున ఎన్నింటికి ఆగుతోందో కూడా చూసుకోండి.

ఇప్పుడు అసలు కేసు. వాట్సాప్ తెరిచేదాకా ఒక్క టిక్కే, తెరవగానే గలగలా పదిహేను మెసేజ్‌లు.

ఇది ఎందుకు జరుగుతుందో ముందు తెలుసుకోండి. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, డోజ్ అని ఒక ఏర్పాటు ఉంది. స్క్రీన్ ఆపేసి, ఛార్జింగ్ లేకుండా, ఫోన్ కదలకుండా కొంతసేపు పడుంటే, యాప్‌లకి నెట్ ఆపేస్తుంది. మధ్యమధ్యలో కాసేపు తెరుస్తుంది, మళ్లీ మూస్తుంది. చాట్ మెసేజ్‌లకి మాత్రం గూగుల్ ఒక దారి వదిలింది. సర్వర్ నుంచి "అర్జెంట్" అని సిగ్నల్ వస్తే, డోజ్‌లో ఉన్నా యాప్‌ని లేపాలి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ చాలా కంపెనీలు దీని మీద తమ సొంత బ్యాటరీ ఆంక్షలు కూడా పెడతాయి. అక్కడే చిక్కు వస్తుంది.

దీనికి రెండు గుర్తులున్నాయి. ఛార్జింగ్ పెట్టినప్పుడు మెసేజ్‌లు టకటకా వచ్చి, తీశాక లేటవుతున్నాయంటే అనుమానం బ్యాటరీ సెట్టింగ్ మీదే. రెండోది, "మీకు కొత్త మెసేజ్‌లు ఉండవచ్చు" అని ఒక నోటిఫికేషన్ వచ్చి, అసలు మెసేజ్ రాకపోవడం. అంటే సిగ్నల్ అందింది, కానీ వాట్సాప్ సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోయింది.

సరిచేద్దాం. మళ్లీ యాప్ ఇన్ఫోలోకి వెళ్లి "బ్యాటరీ" నొక్కండి. అన్‌రిస్ట్రిక్టెడ్, ఆప్టిమైజ్డ్, రిస్ట్రిక్టెడ్ అని మూడు కనిపిస్తే, అన్‌రిస్ట్రిక్టెడ్ ఎంచుకోండి. రెడ్‌మీ, పోకో ఫోన్‌లలో ఇదే పేజీలో "ఆటోస్టార్ట్" ఆన్ చేసి, "బ్యాటరీ సేవర్"లో "నో రిస్ట్రిక్షన్స్" పెట్టండి. రెండూ చేయాలి, ఒకటి చేసి ఆగిపోకండి. రియల్‌మీ, ఒప్పోలో "అలౌ ఆటో లాంచ్", "అలౌ బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ". వివోలో సెట్టింగ్స్, బ్యాటరీ, అందులో బ్యాక్‌గ్రౌండ్ పవర్ కన్సంప్షన్ మేనేజ్‌మెంట్. శాంసంగ్‌లో బ్యాటరీలో "బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్" అని ఉంటుంది. స్లీపింగ్ యాప్స్, డీప్ స్లీపింగ్ యాప్స్ లిస్టుల్లో వాట్సాప్ ఉంటే తీసేసి, నెవర్ స్లీపింగ్‌లో చేర్చండి. మీ మోడల్‌లో పేర్లు కాస్త అటూఇటూగా ఉండొచ్చు. సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో "బ్యాటరీ" అని కొడితే దొరుకుతాయి.

బ్యాటరీ అయిపోతుందేమో అని టెన్షన్ పడకండి. అన్ని యాప్‌లకీ ఇలా చేయమనట్లేదు. చాట్ కోసం వాడే ఒకటి రెండింటికి చాలు.

ఇంకో అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఫోన్ స్లో అయిందని యాప్ ఇన్ఫోలో "ఫోర్స్ స్టాప్" నొక్కుతారు. అది నొక్కితే, మళ్లీ మీరు వేలితో యాప్ తెరిచేదాకా దానికి ఏ సిగ్నలూ అందదు. అర్జెంట్ మెసేజ్ వచ్చినా అంతే. కొన్ని ఫోన్‌లలో రీసెంట్స్‌లోంచి, అంటే ఈమధ్య తెరిచిన యాప్‌ల లిస్టులోంచి, యాప్‌ని పైకి తోసేసినా దాదాపు అదే జరుగుతుంది. ఫోన్ బూస్టర్, క్లీనర్ అని వచ్చే యాప్‌లు కూడా వెనకాల యాప్‌లని ఆపేస్తుంటాయి. అలాంటివి ఉంటే తీసేయండి.

వైఫైలో బాగానే వచ్చి, మొబైల్ డేటా మీద మాత్రం లేటవుతుంటే, డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో చూడండి. వాట్సాప్‌కి "అన్‌రిస్ట్రిక్టెడ్ డేటా" ఇవ్వండి. దీనికి రివర్స్‌లో, ఆఫీసు వైఫైలో మాత్రమే రాకపోతే, ఆ నెట్‌వర్క్‌లో గూగుల్ సిగ్నల్ వచ్చే 5228 నుంచి 5230 పోర్టులు ఆపేసి ఉండొచ్చు. మీ ఐటీ వాళ్లకి ఈ నంబర్లు చెప్పండి, వాళ్లకి అర్థమవుతుంది. వీపీఎన్ ఉంటే ఓసారి ఆపి చూడండి. ఫోన్‌లో తేదీ, టైమ్ ఆటోమేటిక్‌లో పెట్టండి, తేదీ తప్పుంటే వాట్సాప్ కనెక్టే అవదు.

ఐఫోన్ వాళ్లు నోటిఫికేషన్స్‌లో "షెడ్యూల్డ్ సమ్మరీ" చూడండి. అందులో వాట్సాప్ ఉంటే, నోటిఫికేషన్లన్నీ పోగేసి మీరు పెట్టుకున్న టైముకే చూపిస్తుంది. ఫోకస్ మోడ్ కూడా చూసుకోండి.

కంగారులో యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. బ్యాకప్ లేకపోతే పాత చాట్లు పోతాయి. మీకు చేరని మెసేజ్ సర్వర్‌లో 30 రోజుల దాకా ఉంటుంది, కాబట్టి తొందరేం లేదు.

సెట్టింగ్ మార్చగానే "ఒక హాయ్ పెట్టు" అని అడిగితే లాభం లేదు. అప్పుడు ఫోన్ మెలకువగా ఉంటుంది కాబట్టి మెసేజ్ ఎలాగూ వస్తుంది. ఛార్జింగ్ తీసేసి, స్క్రీన్ ఆపి, ఫోన్‌ని టేబుల్ మీద ఒక గంట కదపకుండా వదిలేయండి. అప్పుడు పంపమనండి. మోగితే సరే. మోగకపోతే ఫోన్ ముట్టుకోకుండానే, అవతలివాళ్లని టిక్కులెన్నో అడగండి. ఫోన్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక కూడా ఈ పరీక్ష ఓసారి చేయండి, ఈ సెట్టింగ్స్ కొన్ని మళ్లీ మొదటికి వచ్చేయొచ్చు.