శివారు చేనుకు నీరు, పక్క స్క్రీన్‌కు బొమ్మ

అందరికీ నమస్కారం. ఇంటి నుంచి పని చేసుకునేవాళ్లు, నెట్ సెంటర్లు నడిపేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు చాలామందే వచ్చారు. కొందరి చేతుల్లో కేబుళ్ల సంచులు కూడా కనిపిస్తున్నాయి. తెచ్చి మంచి పని చేశారు, వాటితో చివర్లో పని ఉంది.

మన డెల్టాలో శివారు చేనుకు నీళ్లు అందకపోతే రైతు ఏం చేస్తాడు? చేను అమ్మేసుకోడు. పార భుజాన వేసుకుని బోదె గట్టు పట్టుకుని ఎగువకు నడుస్తాడు. ఎక్కడ గుర్రపు డెక్క అడ్డుపడిందో, ఎక్కడ తూము సగమే లేచిందో చూసుకుంటూ పోతాడు. లాప్‌టాప్‌కు తగిలించిన మానిటర్‌లో అక్షరాలు మసకగా ఉన్నా, బొమ్మ సాగినా, సరైన రిజల్యూషన్, అంటే తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలో చెప్పే లెక్క, లిస్టులోనే లేకపోయినా మనం చేయాల్సింది అదే. కానీ మనవాళ్లు ముందే మానిటర్ మార్చేస్తున్నారు. కష్టపడి సంపాదించిన వేల రూపాయలు అలా పోతుంటే నాకు బాధేస్తుంది. ఈ రోజు మాట్లాడటానికి ఒప్పుకున్నది అందుకే.

బొమ్మ లాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్‌లో తయారవుతుంది. పోర్టులోంచి బయటికొచ్చి, కేబుల్ గుండా, మధ్యలో అడాప్టర్ ఉంటే దాని గుండా మానిటర్‌కు చేరుతుంది. ఈ దారి మొత్తంలో ఏ చోటు ఇరుకుగా ఉందో, చివరికి అందేది అంతే. ఎగువన ఎంత వదిలినా లాభం లేదు.

అందుకని కింది నుంచి మొదలుపెడదాం. మానిటర్ కిందో పక్కనో ఉండే బటన్ నొక్కితే మెనూ వస్తుంది. అందులో ఇన్ఫర్మేషన్ అనే పేజీ చూడండి. ప్రస్తుతం మానిటర్‌కు ఎంత రిజల్యూషన్ అందుతోందో అక్కడ రాసి ఉంటుంది. మానిటర్ 1920×1080 ది అయి ఉండి, అక్కడ 1024×768 అని కనిపిస్తే లోపం ఎగువన ఉన్నట్టే. 1920×1080 అనే ఉండి, అయినా అక్షరాలు మసకగా కనిపిస్తే మానిటర్ సెట్టింగుల్లోనో, అక్షరాల సైజు మార్చే విండోస్ స్కేల్‌లోనో వెతకాలి. ఈ ఒక్క పేజీ చూస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

మొన్న ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. వాళ్లది అంతర్వేది వైపు ఊరు. రొయ్యల వ్యాపారుల లెక్కలు ఇంట్లోనే కూర్చుని రాస్తుంది. ఎక్సెల్ షీట్లు చిన్న స్క్రీన్‌లో పట్టడం లేదని 22 అంగుళాల మానిటర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది. లాప్‌టాప్ కూడా పాతదే, వీజీఏ అనే పాత రకం మానిటర్ పోర్టు ఉన్నది. "మాస్టారూ, మానిటర్ పోయిందంటున్నారండీ, కొత్తది తీసుకోమంటున్నారు" అంది. ఆన్ చేసి చూస్తే అక్షరాలన్నీ అడ్డంగా లావెక్కి ఉన్నాయి, గుండ్రంగా ఉండాల్సిన బొమ్మ కోడిగుడ్డులా ఉంది. రిజల్యూషన్ లిస్టులో 1024×768 దాటి పనికొచ్చేది ఏదీ లేదు. లాప్‌టాప్‌కు తగిలించినవన్నీ చూపించే విండోస్ డివైస్ మేనేజర్‌లో మానిటర్ పేరున్న చోట 'జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్' అని ఉంది. ఆ మాట కనిపించిందంటే అవతల ఏ మానిటర్ ఉందో లాప్‌టాప్‌కు తెలియలేదని అర్థం.

కారణం చెబుతాను. మానిటర్ లోపల చిన్న చిప్ ఒకటి ఉంటుంది. దాంట్లో ఈడీఐడీ అనే చిట్టా ఉంటుంది, మొదటి భాగం 128 బైట్లు. ఎవరు తయారు చేశారు, ఎంత రిజల్యూషన్ చూపగలను, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలను అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. కేబుల్ తగిలించగానే లాప్‌టాప్ దాన్ని చదువుకుని, ఆ ప్రకారం లిస్టు ఇస్తుంది. చదవలేకపోతే దేనికైనా సరిపోయే తక్కువ రిజల్యూషన్‌తో సరిపెడుతుంది. వీజీఏలో 15 పిన్నులు, 5 చొప్పున మూడు వరసలు. ఈ చిట్టా వచ్చేది 12, 15 పిన్నుల మీద. రంగులు తెచ్చే పిన్నులు వేరు. అందుకే బొమ్మ వస్తుంది, రిజల్యూషన్ రాదు.

రెండూ ఆపేసి, కేబుల్ ఊడదీసి, ఫోన్ టార్చి వేసి చూశాం. కింది వరసలో ఒక పిన్ను పక్కకు వంగి లోపలి గోడకు ఆనుకుని ఉంది. 12వది. ఎవరో తలకిందులుగా పెట్టి నొక్కినట్టున్నారు. మిగతా పిన్నుల మీద పచ్చగా చిలుము. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి ఇది మామూలే. ములుకు తీసేసిన క్లచ్ పెన్సిల్ ఉంటుంది కదా, దాని సన్నటి గొట్టాన్ని ఆ పిన్నుకు తొడిగి మెల్లగా, చాలా మెల్లగా నిలబెట్టాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్‌తో చిలుము తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి బిగించాం. లిస్టులో 1920×1080 వచ్చింది. ఆ అమ్మాయి షీటు తెరిచి, ఆఖరి కాలమ్ దాకా ఒకే స్క్రీన్‌లో కనిపిస్తుంటే అలా చూస్తూ ఉండిపోయింది. ఒక మాట: కొన్ని వీజీఏ కేబుళ్లలో 9వ పిన్ను తయారీలోనే ఉండదు. అది లేదని కంగారు పడకండి.

ఇక కేబుల్ బాగానే ఉండి కూడా రిజల్యూషన్ తగ్గే సందర్భం ఒకటుంది. విండోస్ బటన్‌తో పాటు పీ నొక్కండి. అక్కడ డూప్లికేట్ అని ఉంటే రెండు తెరల మీదా ఒకే బొమ్మ పోవాలి, కాబట్టి రెండిటికీ కుదిరే రిజల్యూషన్ తీసుకుంటుంది. లాప్‌టాప్ తెర 1366×768 అయితే మానిటర్ కూడా అక్కడికి దిగిపోవచ్చు. ఎక్స్‌టెండ్‌కు మార్చండి, దేని రిజల్యూషన్ దానికి వస్తుంది. తర్వాత డిస్‌ప్లే సెట్టింగుల్లో రెండో స్క్రీన్ బొమ్మ మీద క్లిక్ చేసి, దాని రిజల్యూషన్ మార్చండి. క్లిక్ చేయకుండా మారిస్తే లాప్‌టాప్ తెరది మారుతుంది, చాలామంది ఇక్కడే తికమకపడతారు. మార్చాక స్క్రీన్ నల్లబడితే ఏమీ నొక్కకండి, 15 సెకన్లలో పాత దానికి అదే వెనక్కి వస్తుంది.

హెచ్‌డీఎంఐ వాడేవాళ్లకు లెక్క చెప్పాలి. 1920×1080 అంటే 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు, అంటే 24 సున్నాలు, ఒకట్లు, సెకనుకు 60 సార్లు. గుణిస్తే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు. 4కే అంటే దీనికి నాలుగింతలు, దాదాపు 1,200 కోట్లు. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4లో బొమ్మకు దక్కేది 816 కోట్లు. అందుకే పాత పోర్టుకు 4కే మానిటర్ తగిలిస్తే 30 హెర్ట్జ్, అంటే సెకనుకు 30 సార్ల దగ్గరే ఆగిపోతుంది, మౌస్ ఈడ్చినట్టు కదులుతుంది. 2013లో వచ్చిన 2.0లో బొమ్మకు 1,440 కోట్లు దొరుకుతాయి, 60 హెర్ట్జ్ సాఫీగా వెళ్తుంది. లాప్‌టాప్, కేబుల్, మానిటర్ మూడూ ఆ స్థాయివే అయి ఉండాలి. ఒక్కటి పాతదైనా అంతే సంగతులు.

అడాప్టర్ కూడా అలాంటిదే. పి.గన్నవరం దగ్గర అక్విడక్టు గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువ నీటిని అవతలి గట్టుకు దాటిస్తుంది. అది లేకపోతే అటు చేలకు కాలువ నీళ్లు లేవు. కానీ దాని వెడల్పుకు మించి దాటించలేదు. మీ అడాప్టర్ మీద 1080పీ అని రాసి ఉంటే 4కే ఆశించకండి. దిక్కు కూడా చూడాలి. డిస్‌ప్లేపోర్ట్ అని హెచ్‌డీఎంఐ లాంటిదే ఇంకో రకం పోర్టు ఉంది. దాని నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్, హెచ్‌డీఎంఐ లాప్‌టాప్ నుంచి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కు పనిచేయదు. యూఎస్‌బీ-సీ చిల్లు ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని కూడా అనుకోవద్దు. కొన్ని చార్జింగ్‌కు, డేటాకు మాత్రమే. కొనేముందు లాప్‌టాప్ మోడల్ వివరాల్లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్, అంటే ఆ చిల్లులోంచి బొమ్మ కూడా పంపే వీలు, అని ఉందేమో చూసుకోండి.

విండోస్ కొత్తగా వేయించాక సమస్య మొదలైందా? అయితే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే, గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అదే అసలు డ్రైవర్, పడలేదు. లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి డౌన్‌లోడ్ చేసుకోండి. ఎక్కడెక్కడి సైట్ల నుంచో దించకండి.

టీవీని మానిటర్‌గా వాడేవాళ్లకు అంచులు తెగి కింద టాస్క్‌బార్ కనిపించదు. అది రిజల్యూషన్ లోపం కాదు, టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోస్తోంది. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ లాంటి పేరుతో ఉంటుంది, అది పెట్టండి.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్టు, సెట్టింగు మూడూ ఒకేసారి మార్చేస్తే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు. వచ్చే నెల మళ్లీ అదే బాధ. వేరే వాళ్ల లాప్‌టాప్ ఒక్క ఐదు నిమిషాలు అడిగి అదే కేబుల్‌తో తగిలించి చూస్తే, లోపం ఎటువైపుందో తేలిపోతుంది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఇప్పుడు మీరు తెచ్చిన కేబుళ్లు, అడాప్టర్లు ఈ బల్ల మీద పెట్టండి. కలిసిపోకుండా ఎవరిది వాళ్లు పేరు చీటీ అంటించండి. ఇక్కడ మానిటర్ ఒకటి, లాప్‌టాప్ ఒకటి సిద్ధంగా ఉన్నాయి. ఒక్కొక్కటీ తగిలించి ఇన్ఫర్మేషన్ పేజీలో ఏం వస్తుందో అందరం చూద్దాం. వీజీఏ వాళ్లు ముందు రండి, ఫోన్ టార్చి ఆన్ చేసుకోండి.