మా పాత క్వార్టర్‌లో అమ్మ రాసిన గ్యాస్ తేదీలు

హాయ్ అండీ, నమస్తే. రెండు వారాల సెలవు మీద డల్లాస్ నుంచి వైజాగ్ వచ్చాను. ఈరోజు బీచ్ చూపించట్లేదు, ఏమీ అనుకోకండి. సింధియా దాటాక మేం పెరిగిన క్వార్టర్లకు వచ్చాను. కొన్నేళ్లుగా ఎవరూ ఉండట్లేదు. త్వరలో పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారట.

1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ ఇక్కడ ఓడలు కట్టే యార్డుకు శంకుస్థాపన చేయించింది. తర్వాత అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. అయినా ఆటోవాళ్లు ఇప్పటికీ "సింధియా, సింధియా" అనే పిలుస్తారు. ఆ పిలుపు వినగానే నాకు ఇంటికొచ్చేసినట్టు అనిపించింది.

ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలుపొరలుగా రాలిపోతున్నాయి. గడప మీద పసుపు మరక ఇంకా ఉంది. పెరట్లో రుబ్బురోలు చుట్టూ గడ్డి.

ఇప్పుడు వంటింట్లోకి రండి. ఈ అలమర తలుపు వెనక చూడండి, పెన్సిల్‌తో అన్నీ తేదీలే. గ్యాస్ బండ మార్చినప్పుడల్లా అమ్మ రాసేది. నలుగురం ఉన్నప్పుడు బండ నెలకే అయిపోయేది. అక్క పెళ్లయి, నేను హాస్టల్‌కి వెళ్లాక రెండు నెలలు దాటింది. ఇల్లు ఖాళీ అవుతున్న సంగతి మాకంటే ముందు ఈ తలుపుకే తెలిసింది.

ఒక్కచోట మాత్రం లెక్క తప్పింది. 2014 సెప్టెంబరు 29న పెట్టిన బండ అక్టోబరు 17కే ఖాళీ! అమ్మకి వీడియో కాల్ చేశాను. డల్లాస్‌లో అప్పుడు రాత్రి.

"హుద్‌హుద్ తుఫాను కదే! పన్నెండో తారీఖు ఆదివారం. కరెంటు లేదు, నీళ్లు లేవు. బ్లాకులో చాలామందికి గ్యాస్ అయిపోయింది. మనింట్లోనే అందరికీ అన్నం, చారు" అంది అమ్మ.

ఆ గాలికి ఊళ్లో చెట్లన్నీ కూలిపోయిన ఫొటోలే అప్పుడు నేను అమెరికాలో చూశాను. మా అమ్మ అంతమందికి వండిపెట్టిందని మాత్రం నాకు ఇవాళే తెలిసింది.

వాచ్‌మన్ బాబాయ్‌ని అడిగితే స్క్రూడ్రైవర్ తెచ్చాడు. "ఏటి చేసుకుంటావమ్మా ఈ చెక్కని?" అంటూనే తలుపు ఊడదీశాడు. విమానంలో తీసుకెళ్లలేను కదా, మురళీనగర్‌లో పిన్ని వాళ్ల అటక మీద పెడుతున్నాను.

"దుమ్ము పొడిగుడ్డతోనే తుడవవే. తడి తగిలితే అంకెలు చెరిగిపోతాయి" అంది అమ్మ.