కోడికి మందేంటి అనేవాళ్లకు

వేదిక మీది పెద్దలకు, మండల సమాఖ్య అక్కచెల్లెళ్లకు నమస్కారం. పెరటి కోళ్ల పెంపకంలో లాభాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇవాళ మీ చేతికొచ్చే గ్రామప్రియ రకం కోడిపిల్లల మేత, టీకాల సంగతి డాక్టరుగారు చెబుతారు. పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి, నేను దెబ్బ తగిలిన కోడి గురించి మాట్లాడతాను.

మీలో ఎంతమంది కోళ్లను కుక్కగానీ ముంగిసగానీ పట్టింది? చేతులెత్తండమ్మా. చూశారా, సగం మందికి పైనే. మరి ఆ కోడికి ఏం చేశారు? పసుపు అద్దారు, కొందరు కిరసనాయిలు పోశారు. ఆసుపత్రికి తెచ్చినవాళ్లను "కోడికి మందేంటమ్మా, కూరొండుకో" అని పంపేశారు. సర్వీసంతా ఆ మాట వింటూనే ఉన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండేది.

మా వీధిలో ఒకావిడ ఉండేది. భర్త పోయాక గుడ్లమ్మిన డబ్బుతోనే పిల్లాడికి పుస్తకాలు కొనేది. ఒకరోజు ఆవిడ పెట్టను కుక్క పట్టింది. తొడ దగ్గర చర్మం చీలి వేలాడుతోంది. ఆవిడ ఉప్పునీళ్లతో కడిగింది. మిగతా కోళ్లు రక్తం చూస్తే పొడిచి చంపుతాయని వేరే గదిలో గంప కింద పెట్టింది. ఈగలు వాలకుండా పల్చటి గుడ్డ కప్పింది. ఇంతవరకూ ఏ డాక్టరైనా ఇదే చెబుతాడు. మర్నాడు కోడి ఈకలు ఉబ్బించి, కళ్లు సగం మూసి, మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. ఆ బాధ చూడలేక ఆవిడ మందుల షాపుకెళ్లింది. మనుషులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర చేతిలో పెట్టారు. సగం నూరి నీళ్లలో కలిపి పట్టింది. రెండు రోజులకు కోడి పోయింది.

డాక్టరుగారు కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం చల్లినట్టు తెల్లటి పూత. తొడ మీది గాయం మాత్రం చీము లేకుండా శుభ్రంగా మానుతోంది. ఆవిడ అది చూసి "మరి ఎందుకు పోయింది సార్" అని అడిగింది.

ఎందుకో చెబుతాను. కోడి రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు వడగట్టిన మలినం దానికి అలాగే బయటికి పోతుంది. డైక్లోఫెనాక్ ఆ మూత్రపిండాలనే దెబ్బతీస్తుంది. బయటికి పోవాల్సింది లోపల పేరుకుంటుంది. గుండె మీద, కాలేయం మీద కనిపించిన తెల్లటి పూత అదే. మన చిన్నప్పుడు ఊరి బయట కళేబరం పడితే దిగే రాబందులు ఏమయ్యాయి? పశువులకు వేసిన ఇదే మందు కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందులను చంపింది. 2004లో ఆ సంగతి శాస్త్రవేత్తలు బయటపెట్టారు, 2006లో మన దేశంలో పశువులకు ఈ మందు వాడకం నిషేధించారు. మనుషులకు మాత్రం ఇప్పటికీ అమ్ముతున్నారు. అందుకే ఆవిడకు అంత తేలిగ్గా దొరికింది.

కోడికి నొప్పి తెలుస్తుందా అని అడిగేవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు కుంటే కోళ్ల ముందు రెండు రకాల మేత పెట్టారు. ఒకదాంట్లో నొప్పి తగ్గించే మందు కలిపారు. కుంటే కోళ్లు మందు కలిపిన మేతనే ఎక్కువ తిన్నాయి. కుంటు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ తిన్నాయి. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. సంక్రాంతికి కత్తి కట్టే పుంజుకు బాదంపప్పు పెడతారు, కైమా పెడతారు, గాయమైతే కుట్లేయిస్తారు. రోజూ గుడ్డు పెట్టి ఇల్లు నడిపే పెట్టకు పది రూపాయల మందు ఎక్కువైపోయిందా?

కోడి నొప్పికి వేరే మందు ఉంది. దాని పేరు మెలోక్సికామ్. రాబందులకు హాని చేయదని తేలింది, పశువైద్యులు పక్షులకు వాడుతున్నారు. అలాగని షాపులో కొని మీరే వేయకండమ్మా. గేదెకు పొడిచే సూదిమందూ ఇదే పేరుతో ఉంటుంది. కోడిని తూచి చుక్కల లెక్కన ఇవ్వాలి, ఆ లెక్క డాక్టరే చెప్పాలి. రక్తం పోయి సోలిపోయిన కోడికి ముందు నీళ్లు పట్టాలి. ఒంట్లో నీరు లేనప్పుడు ఈ మందు కూడా మూత్రపిండాలకు భారమే. గాయం మీద మొద్దుబార్చే జెల్ కూడా రాయొద్దు. అందులో ఉండే లిగ్నోకెయిన్ పక్షికి కాస్త ఎక్కువైనా ప్రమాదం.

మందు వేసిన పెట్ట గుడ్లు తినొచ్చా అని వెనకనుంచి అడుగుతున్నారు. తినకూడదు, అమ్మకూడదు. మందు ఆపాక కూడా పచ్చసొనలో కొన్నాళ్లు నిలుస్తుంది. ఎన్నాళ్లు ఆగాలో డాక్టరుగారిని అడిగి గోడ మీద తేదీ రాసుకోండి.

ఆసుపత్రి దూరమైతే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి. కోడి అని చెప్పడానికి సిగ్గుపడకండి. పెట్ట అని చెప్పండి, గుడ్లు పెట్టే పెట్ట అని గట్టిగా చెప్పండి.

ఒక అర్జీ రాసి తెచ్చాను. సంత రోజున మన ఆసుపత్రిలో కోళ్లను కూడా చూడాలని, చిన్న తూకం, పక్షులకిచ్చే మోతాదులో మెలోక్సికామ్ అక్కడ ఉంచాలని అందులో ఉంది. కోడిపిల్లల పంపిణీ మొదలయ్యేలోగా అందరూ సంతకాలు పెట్టండి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయండి, ఇంకు ప్యాడ్ తెచ్చాను.