గుడ్డని పట్టుకోకండి, జరపండి

అందరికీ నమస్కారం.

కీళ్ళనొప్పులు పెట్టుకుని క్విల్టింగ్ (గుడ్డ పొరలు కలిపి బొంతలా కుట్టడం) ఎందుకు, హాయిగా కూర్చోక అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. నేనైతే చేత్తో కుట్టడం మానుకుని మిషన్ మీద ఫ్రీ మోషన్ మొదలుపెట్టమంటాను. చేతికుట్టులో ప్రతి కుట్టుకీ సూదిని రెండు వేళ్ళ మధ్య నొక్కి లాగాలి. వేలికొసల దగ్గర మనం పెట్టే బలానికి దాదాపు 12 రెట్లు బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీద పడుతుందని లెక్క. మనలో చాలామందికి సలుపు పుట్టేదీ అక్కడే.

ఫ్రీ మోషన్‌లో, గుడ్డని కింద నుంచి జరిపే మిషన్ పళ్ళు కిందికి దించేస్తాం. ఇక గుడ్డని నడిపించే పని మనదే. సూది వేగానికి చేతి వేగం కుదిరితే కుట్టు సమంగా పడుతుంది. చెయ్యి ఉరికితే వంపుల దగ్గర కుట్లు సాగిపోతాయి, అడుగున దారం బయటికి తేలుతుంది. కొత్తవాళ్ళకి టెన్షన్ ఇక్కడే. గుడ్డ ఎటు జారుతుందోనని గుప్పిట్లో బిగించేస్తారు. సాయంత్రానికి వేళ్ళు వాచేది ఆ బిగింపుకే. రబ్బరు చుక్కల గ్లౌజులు వేసుకుని, అరచేతులు పరిచి, గుడ్డని బల్ల మీద మెల్లగా జరపండి. కదలిక భుజం నుంచి, మోచేతి నుంచి రావాలి. అందుకే పెద్ద పెద్ద వంకర గీతలు మనకి నప్పుతాయి. గులకరాళ్ళలాంటి చిన్న సున్నాలు చూడ్డానికి బాగుంటాయి, ఒప్పుకుంటాను, కానీ అది పూర్తిగా వేళ్ళ పని.

ఇక బరువు. మంచమంత క్విల్ట్ బల్ల అంచు నుంచి వేలాడుతుంటే అది ఒకవైపు లాగుతుంది, మీరు ఇంకోవైపు లాగుతారు. మిషన్‌కి ఎడమపక్కన, వెనక అదే ఎత్తులో బల్లలు వేసి బరువంతా వాటి మీదికి ఎక్కించండి. అంతకంటే సుఖం, ముక్కలుగా క్విల్ట్ చేసుకుని చివర్లో కలపడం. అతుకులు కనిపిస్తాయని కొందరికి నచ్చదు. నాకు చేతులు ముఖ్యం. పొరలు కలపడానికి పిన్నీసులు తెరిచి మూసే బాధ లేకుండా బేస్టింగ్ స్ప్రే (పొరల్ని తాత్కాలికంగా అంటించే స్ప్రే) వాడొచ్చు, కిటికీలు మాత్రం తెరిచి పెట్టుకోండి. పెడల్ తొక్కితే చీలమండ నొప్పి పుట్టేవాళ్ళు స్టార్ట్-స్టాప్ బటన్ ఉన్న మిషన్ చూసుకోవాలి.

పొద్దున్నే కూర్చోకండి. రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి లేవగానే ఉండే బిగుతు గంట దాటినా వదలకపోవచ్చు. వేళ్ళు వదులయ్యాక, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, అప్పుడు మొదలుపెట్టండి. టైమర్ పెట్టుకోండి, ఎందుకంటే వంపుల్లో పడితే మనకి ఒళ్ళు తెలీదు. కీలు ఎర్రబడి వేడిగా ఉన్న రోజు మిషన్ జోలికి పోవద్దు. ఆ రోజు డిజైన్‌ని చూపుడువేలితో బల్ల మీద గీసుకుంటూ ఉండండి, దారి చేతికి అలవాటవుతుంది. బొటనవేలికి పట్టీ కావాలా అన్నది మీ థెరపిస్ట్‌ని అడిగి తేల్చుకోండి.

వెనక బల్లల మీద మిషన్లు పళ్ళు దించి సిద్ధంగా ఉన్నాయి, గ్లౌజులు పక్కనే పెట్టాం. కుర్చీ ఎత్తు మీకు సరిపోయేలా మార్చుకుని కూర్చోండి.