కొనలేనని డాక్టరుకు చెప్పండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు పేరుపేరునా చెప్పుకోవాలి గానీ, నాకిచ్చిన టైము తక్కువ. మన్నించాలి.

మందుల ఖర్చు ఎలా తగ్గించుకోవాలో మాట్లాడమన్నారు. ముందు జెనరిక్ మందుల సంగతి. కొత్త మందుకి పేటెంటు, అంటే దాన్ని తయారుచేసి అమ్ముకునే హక్కు ఒక్క కంపెనీకే ఉండటం, సాధారణంగా దరఖాస్తు చేసిన రోజు నుంచి 20 ఏళ్లు. ఆ గడువు తీరాక అదే మందును వేరే కంపెనీలూ తయారుచేస్తాయి. వాటినే జెనరిక్ అంటారు. పోటీ పెరిగి ధర దిగుతుంది. కాబట్టి చీటీలో కంపెనీ పెట్టిన పేరు కాదు, మందు పేరు చూడండి. బీపీకి ఆమ్లోడిపిన్, షుగరుకి మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాలుకి అటోర్వాస్టాటిన్, ఇలా ఉంటాయి. ఆ పేరుతో చవకైనది ఉందా అని అడగండి. ఫిట్స్ మందులు, థైరాయిడ్ మాత్రలు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్రం డాక్టరుకు చెప్పకుండా కంపెనీ మార్చకండి. వాటిలో కొద్దిపాటి తేడా అయినా ఒంటికి తెలుస్తుంది.

కాగితం మీద ఇంకా చాలా రాసుకొచ్చాను. అది పక్కన పెట్టి మా పెద్దక్క గురించి చెప్తాను.

అక్కకి బీపీ. మాత్రలు ఖరీదని రోజు విడిచి రోజు వేసుకునేది. ఇంట్లో ఎవరికీ తెలియదు. బీపీ దిగలేదని డాక్టరు పవర్ పెంచాడు. అది ఇంకా ఖరీదు, అక్క ఇంకా తగ్గించింది. ఆయన మరో మాత్ర కలిపాడు. చీటీ పొడుగైంది, బీపీ ఎక్కడిదక్కడే. చివరికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆ మందులో చవకైన రకం అప్పటికే దొరుకుతోంది! "ఇది కొనలేను డాక్టరుగారూ" అని చెప్పడానికి అక్కకి అభిమానం అడ్డొచ్చింది. సరే, ఆయన? "వేసుకుంటున్నారా" అని ప్రతిసారీ అడిగాడు. "కొనగలుగుతున్నారా" అని ఒక్కసారీ అడగలేదు. నా బాధంతా అక్కడే.

అమ్మా, అయ్యా, ఇవాళ ఇంటికెళ్లి మీ పెద్దవాళ్ల మందుల డబ్బా తెరవండి. నెలకి తెచ్చిన మాత్రలు నెల దాటినా మిగిలి ఉంటే ఎందుకని అడగండి. కసరకుండా అడగండి. ఖర్చు మీ మీద పడుతుందని దాచిపెడతారు వాళ్లు.

తర్వాత ఆ డబ్బా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లి, ఇందులో ఇంకా ఏవి అవసరమో అడగండి. నొప్పి మాత్రకి తోడుగా గ్యాస్ మాత్ర రాస్తారు. నొప్పి మాత్ర ఆగిపోతుంది, గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి సాగుతుంది. ఆమ్లోడిపిన్‌ వల్ల కొందరికి కాళ్లు వాస్తాయి, ఆ వాపుకి ఇంకో మాత్ర మొదలవుతుంది. అక్క చీటీలో ఇదీ జరిగింది. అయితే ఏదీ మీ అంతట మీరు ఆపకండి. కొన్ని బీపీ మందులు ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం.

ఎక్కువ పవర్ మాత్ర కొని సగం చేసుకుంటే కొన్నిసార్లు కలిసొస్తుంది. అదీ డాక్టరు సరేనంటేనే. మెల్లగా కరిగేలా చేసిన మాత్రను విరిస్తే మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోవచ్చు.

టైము అయిందంటున్నారు. సభలో డాక్టర్లు ఉంటే ఒక్క విన్నపం. చీటీ చేతికిచ్చే ముందు, ఈ మందులు నెలనెలా కొనగలరా అని మీరే అడగండి. మా అక్కలాంటి వాళ్లు తమంతట తాము చెప్పరు.