వుర్జ్‌బుర్గ్ మెట్ల మీద

శ్రోతలకు నమస్కారం. ఈ పూట జర్మనీ వెళ్దాం, వుర్జ్‌బుర్గ్ అనే ఊరికి. చుట్టూ ద్రాక్ష తోటలున్న ఆ ఊళ్ళో రెసిడెన్స్ అనే ప్యాలెస్ ఉంది. కట్టించింది రాజు కాదు, బిషప్పు. ఆ రోజుల్లో అక్కడ పాలకుడూ ఆయనే. కొండ మీది కోట వదిలి ఊళ్ళోకి దిగాలని 1720లో పని మొదలుపెట్టించారు. ఆ పని బల్తజార్ నోయ్‌మన్ చేతికి వచ్చింది. గంటలు, ఫిరంగులు పోతపోసే పని నేర్చి, సైన్యంలో ఇంజనీరైన మనిషి.

ఆ ప్యాలెస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది మెట్ల హాలు. కింద కాస్త చీకటిగా ఉంటుంది. ఎక్కుతున్నకొద్దీ పైకప్పు మీది బొమ్మలు కొంచెం కొంచెంగా బయటపడతాయి. నాలుగు ఖండాలను మనుషుల రూపంలో వేసిన బొమ్మలవి. ముందు అమెరికా, మొసలి మీద కూర్చున్న స్త్రీ. సగం ఎక్కాక మెట్లు వెనక్కి తిరుగుతాయి, వాటితోపాటు మనమూ. అప్పుడు ఎదురుగా యూరప్. పక్కల ఏనుగు మీద ఆసియా, ఒంటె మీద ఆఫ్రికా. వెనిస్ నుంచి వచ్చిన తియెపోలో 1752-53లో వేసిన చిత్రమిది, 600 చదరపు మీటర్ల పైమాటే. తడి గార ఆరకముందే రంగు పడాలి. అందుకని ఏ రోజుకు ఎంత వెయ్యగలరో అంత మేరకే గార పూసుకునేవారు.

ఇంత పెద్ద కప్పుకి మధ్యలో ఒక్క స్తంభం లేదు. అనుమానం ఉంటే కింద ఫిరంగులు పేల్చి చూసుకోండి అని నోయ్‌మన్ సవాలు విసిరారని ఓ కథ. నిజమో కాదో గానీ, తియెపోలో మాత్రం బొమ్మలో ఆయన్ని ఫిరంగి మీదే కూర్చోబెట్టారు, పక్కన ఒక కుక్కతో సహా.

పైకెళ్తే వైట్ హాల్. గోడల మీద, కప్పు మీద బోస్సి అనే ఇటాలియన్ చేసిన గార పని. గవ్వల్లాంటి వంపులు, జెండాలు, ఆయుధాలు. రొకొకో శైలి అంటే ఈ వంపులే. అవతల ఇంపీరియల్ హాల్‌లో మళ్ళీ రంగులు, బంగారం. వరసగా స్వీట్లు తినే నోటికి మధ్యలో మజ్జిగ ఇచ్చినట్టుంటుంది ఆ తెల్ల గది.

1945 మార్చి 16న బాంబులు పడి ప్యాలెస్ చాలా భాగం కాలిపోయింది. మెట్ల పైన చెక్క కప్పు పోయినా, దాని కింద నోయ్‌మన్ రాతి కప్పు నిలబడింది. వానకి బొమ్మలు పాడైపోకుండా జాన్ స్కిల్టన్ అనే అమెరికన్ ఆఫీసర్ కలప సంపాదించి పైన తాత్కాలికంగా కప్పు వేయించారు.

అద్దాల గది మాత్రం దక్కలేదు. ఒక్క పాత ముక్క, కొన్ని ఫోటోలు, ఒక నీటిరంగుల చిత్రం చూసుకుంటూ 1979 నుంచి 1987 దాకా దాన్ని మళ్ళీ చేశారు. ఆ గది అద్దాల మీది బొమ్మలు గాజుకి వెనకవైపు వేస్తారు. అంతా తలకిందులు పని. కంటి రెప్ప, పెదవి ముందు గీయాలి, ముఖం రంగు తర్వాత. గీత వంకర పోతే పైన ఇంకో పూత వేసి కప్పెయ్యడం కుదరదు.